ఉన్నది ఉన్నట్టు

 

పోయిన వారం భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు దాటింది. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. వాగులు పొంగి అడవి లోపలి ఊళ్ళకు దారి తెగిపోయింది. ఇంటింటి ప్రార్థనలకు వెళ్ళలేక మేమిద్దరం మూడు రోజులు ఇంటి పట్టునే ఉన్నాం. ఆ మూడు రోజులూ మేము చేసిన పని ఒక్కటే. మన సంఘంలోని ఒక తల్లికి అమెరికా విజిటర్ వీసా ఫారం ఆన్‌లైన్‌లో నింపిపెట్టాం.

ఫారం నింపడంలో ధ్యానించడానికి ఏముంది అనుకోకండి. ఆ ఫారం ముందు కూర్చున్నప్పుడే ప్రభువు మా తప్పు మాకు చూపించాడు. మందిరంలో నిలబడి చెప్పడానికి కొంచెం జంకి, ముందు ఇక్కడ రాస్తున్నాం.

ఆ తల్లి పేరు రాయడం లేదు. మీలో చాలామంది గుర్తుపడతారు, అయినా రాయం. భర్త పోయి 14 ఏళ్ళు. పోడు చేసుకుని, కూలికి పోయి ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. ఆ పిల్ల ఆశ్రమ పాఠశాలలో చదివి, నర్సింగ్ చేసి, ఇప్పుడు టెక్సాస్‌లో ఆసుపత్రిలో పనిచేస్తోంది. నవంబరులో కాన్పు. "అమ్మా, నువ్వు రాకపోతే నాకెవరున్నారు" అని ఫోనులో ఏడ్చిందట. హైదరాబాదు దాటి ఎరగని తల్లి, వాన తెరిపి ఇచ్చిన పూట వాగు దాటుకుని మా ఇంటికి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, పట్టాదారు కాగితం, ఇంకో మడిచిన కాగితం. ఆ సాయంత్రమే వాగు మళ్ళీ పొంగింది. ఆమె మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ మడిచిన కాగితం ఒక ఏజెంటు రాసిచ్చింది. అందులో మూడు మాటలున్నాయి. ఒకటి, కాన్పుకని చెప్పొద్దు, ఊళ్ళు చూడ్డానికని చెప్పాలి. రెండు, భూమి ఎక్కువ చూపించాలి, ఎవరి డబ్బయినా కొన్నాళ్ళు బ్యాంకులో వేయించుకోవాలి. మూడు, తెగ గురించి అడిగే ప్రశ్నకు లేదు అని పెట్టాలి. మొదటి రెండూ చూసి మేము తల అడ్డంగా ఊపాం. మూడోది చూసి మాత్రం ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే, అది మంచి సలహాయే అనుకున్నాం.

ఆ ఫారాన్ని డీఎస్-160 అంటారు. కాగితం మీద రాసేది కాదు, మొత్తం కంప్యూటర్లోనే. మొదట ఏ ఊళ్ళో ఇంటర్వ్యూకు వెళ్తారో ఎంచుకోవాలి. మనకు హైదరాబాదు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ తెరవకముందు మనవాళ్ళు చెన్నై పోవాల్సి వచ్చేది. 2023 మార్చి నుంచి అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనంలో నడుస్తోంది.

ఊరు ఎంచుకోగానే ఒక నంబరు ఇస్తుంది, దానికి కాపలాగా ఒక ప్రశ్న అడుగుతుంది. మాకు వచ్చిన ప్రశ్న, మీ అమ్మ వాళ్ళ అమ్మ పేరేమిటి అని. మేము చదివి చెప్పగానే ఆ తల్లి ముఖం వెలిగిపోయింది. "మా అమ్మమ్మ పేరు అమెరికావాళ్ళకెందుకు అయ్యగారూ?" అని నవ్వుతూ చెప్పింది. ఆ పేరు ఎక్కడా రాసి ఉండదు. ఏ రికార్డులోనూ లేదు. మొదటిసారి ఆ రాత్రి అక్షరాల్లో పడింది.

తర్వాత పుట్టిన ఊరు, రాష్ట్రం. మన ప్రాంతం వాళ్ళకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఆమె పుట్టింది కూనవరం దగ్గర, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోట. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. ఆమె పుట్టేనాటికి అది ఖమ్మం జిల్లా. 2014లో తెలంగాణ వచ్చాక, పోలవరం ముంపు మండలాలతో పాటు కూనవరం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళి మళ్ళీ తూర్పు గోదావరి అయింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇటు ఆమె మెట్టిన ఊరు 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. "మేము ఎక్కడికీ పోలేదమ్మగారూ, జిల్లాలే మా మీద నుంచి పోయినయ్" అంది. పాస్‌పోర్టులో ఏముంటే అదే పెట్టాలి కాబట్టి అదే పెట్టాం.

ఫారంలో జవాబులన్నీ ఇంగ్లీషులోనే రాయాలి. ఒక్క గడి మాత్రం వేరు. మీ సొంత లిపిలో మీ పేరు రాయండి అంటుంది. కోయ మాటలను మన దగ్గర రాసేది తెలుగు లిపిలోనే. మన రాత్రి బడిలో ఆమె నేర్చుకున్న అక్షరాలు అవే. "నేను కొడతా" అంది. ఒక్కో అక్షరం వెతికి వెతికి ఒక్క వేలితో నొక్కింది. ఆమె కొడుతుండగానే కరెంటు పోయింది. రూటరు ఆగిపోయింది. సుమారు 20 నిమిషాలు ఏమీ చేయకపోతే ఆ ఫారం దానంతటదే మూసుకుపోతుంది. మేము సేవ్ చేయలేదు. కరెంటు వచ్చి మళ్ళీ తెరిస్తే పేరు పోయింది.

మాకు విసుగొచ్చింది. ఆమెకు రాలేదు. "మళ్ళీ రాద్దాం, నా పేరే గదా" అంది. ఆగిన ఫారం మళ్ళీ తెరవాలంటే నంబరు, ఇంటిపేరులో మొదటి అయిదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, కాపలా ప్రశ్నకు జవాబు చెప్పాలి. అమ్మమ్మ పేరు కొడితేనే తలుపు తెరుచుకుంది. తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు అతని అవ్వ లోయిని పేరు పెట్టి గుర్తు చేసుకోవడం (1:5) మాకు ఆ రాత్రి కొత్తగా అర్థమైంది. మన విశ్వాసపు తలుపు కూడా చాలాసార్లు ఏదో ఒక అవ్వ ప్రార్థన వల్లే తెరుచుకుని ఉంటుంది.

రెండో రోజు ప్రయాణం ఎందుకనే ప్రశ్న వచ్చింది. పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళకు ప్రత్యేకంగా వీసా లేదు. చూడ్డానికి వెళ్ళినా, బిడ్డను కలవడానికి వెళ్ళినా అదే సందర్శకుల వీసా. కూతురి కాన్పుకు తోడుగా వెళ్ళడం తప్పు కానే కాదు. మరి దాచమని ఏజెంట్లు ఎందుకు చెబుతారు? అమెరికా చట్టంలో ఒక నియమం ఉంది. సందర్శకుల వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోతాడని మొదట అనుకుంటారు. తిరిగి వస్తానని ఒప్పించాల్సింది అడిగినవాళ్ళే. ఆ భయంలోంచి అబద్ధం పుడుతుంది. కానీ అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. కావాలని అబద్ధం చెప్పి వీసా తెచ్చుకోవాలని చూస్తే శాశ్వతంగా అనర్హులవుతారు. భయంతో చెప్పే అబద్ధమే భయపడిన దాన్ని తెచ్చిపెడుతుంది.

ఇక్కడ మాకు అబ్రాహాము జ్ఞాపకం వచ్చాడు. ఆదికాండము 12వ అధ్యాయం చూడండి. కరవు వచ్చి ఐగుప్తుకు వెళ్తున్నాడు. పరదేశపు సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి భయం పట్టుకుంది. శారాను భార్య అని చెప్పొద్దు, చెల్లెలని చెప్పమన్నాడు. ఆ అబద్ధం బయటపడింది. ఫరో పిలిచి నిలదీసి పంపేశాడు. బుద్ధి వచ్చిందా? లేదు. 20వ అధ్యాయంలో గెరారులో మళ్ళీ అదే మాట. 26వ అధ్యాయంలో కొడుకు ఇస్సాకు కూడా అదే గెరారులో అదే అబద్ధం చెప్పాడు. తండ్రి సరిహద్దు దగ్గర చెప్పిన అబద్ధం కొడుక్కి వారసత్వంగా వచ్చింది. విశ్వాసులకు తండ్రి అని మనం పిలుచుకునే మనిషి, ఇల్లూ ఊరూ విడిచి రమ్మంటే లేచి నడిచిన మనిషి, ఒక సరిహద్దు దగ్గర మాత్రం దేవుణ్ణి నమ్మలేకపోయాడు.

ఆ తల్లికి ఇదంతా చెప్పాక, "కూతురి కాన్పుకు అని రాయండయ్యగారూ. దానికి సిగ్గేంది?" అంది. ఖర్చు ఎవరు పెడతారు అన్నచోట కూతురి పేరే పెట్టాం.

తర్వాత పని, ఆదాయం. వ్యవసాయం అని పెట్టాం. నెలకెంత అని అడిగింది. నెల జీతం ఎక్కడిది? వేళ్ళ మీద లెక్కపెట్టింది. వేసవిలో ఇప్పపువ్వు, తునికాకు. మిరప కోతలకు కూలి. పోడులో వచ్చే పంట. మొత్తం కూడి పన్నెండుతో భాగిస్తే వచ్చిన అంకె చూసి మాకే గుండె చివుక్కుమంది. ఇంకొంచెం కలుపుదామా అనిపించింది. వేలు ఆ మీట దాకా వెళ్ళింది కూడా. ఆమె మాత్రం "అంతే గదా" అంది, సిగ్గు లేకుండా, దిగులు లేకుండా. ఆమె భూమికి ఉన్నది 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా. అది పిల్లలకు వస్తుంది గానీ అమ్మడానికి లేదు. ఏజెంటు దాన్ని చూసి ఇది ఆస్తి లెక్కలోకి రాదని తీసిపారేశాడట. మాకు మాత్రం అది వేరుగా కనబడింది. అమ్ముకుని పోవడానికి వీల్లేని భూమి కంటే మనిషిని తిరిగి రప్పించేది ఏముంది? "ఉండిపోతావా అని అడుగుతారమ్మా" అంటే, "తునికాకుకు రాకపోతే ఎట్టా?" అంది. ఆమెకు అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇక ఆ ప్రశ్న వచ్చింది. మీరు ఏదైనా వంశానికి గానీ తెగకు గానీ చెందినవారా? అవును, కాదు అని రెండు చుక్కలు.

మేము ఆమెకు చదివి వినిపించకుండానే కాదు అన్న చుక్క నొక్కాం. ఎందుకు నొక్కామో ఇప్పుడు నిజాయితీగా రాస్తున్నాం. తెగ అనగానే అక్కడి అధికారి ఈమెను వేరే కంటితో చూస్తాడేమో, అడవి మనిషి, చదువు లేని మనిషి అనుకుంటాడేమో అనుకున్నాం. ఆమె మేలు కోసమే అనుకున్నాం. ఏజెంటు రాసిన మూడో మాటను మేమే నెరవేర్చాం.

మా చెయ్యి ఆగి కదలడం చూసి, "అదేం అడిగింది అమ్మగారూ?" అంది. చెప్పక తప్పలేదు. చెప్పాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మేం కోయోళ్ళం గదా అయ్యగారూ. కాదని ఎందుకు పెట్టారు?" అంది. కోపంతో కాదు. నిజంగానే అర్థంకాక అడిగింది. మా దగ్గర జవాబు లేదు. మేము తల దించుకుని ఉంటే, ఆమే మమ్మల్ని తేలిక చేయడానికి, "గట్టు కూడా చెప్పాలా? మాది మూడో గట్టు" అంది.

బిడ్డలారా, 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో సీఎంఎస్ మిషనరీలు కోయ ప్రజల మధ్య పని చేశారు. గోదావరి పనుల ఇంజనీరు హేగ్ దొర ఆ పనికి పునాది వేశాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష నేర్చుకుని, వారి ఆచారాల గురించి రాశాడు. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు ఆ పేరు నేర్చుకుని పిలిచారు. ఇక్కడే పుట్టి, ఆమె పెట్టిన జొన్న గట్క తిని, 20 ఏళ్ళుగా ఆమెకు కాపరులమని చెప్పుకునే మేము, ఆ పేరు దాచబోయాం.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా సువార్త 2వ అధ్యాయం తీశాం. దేవాలయంలో బాల యేసును చూసిన అన్న గురించి లూకా ఎట్లా రాశాడో గమనించండి. పేరు రాశాడు. తండ్రి పేరు పనూయేలు అని రాశాడు. ఆషేరు గోత్రం అని రాశాడు. భర్తతో ఏడేళ్ళు బతికిందని, తర్వాత విధవరాలైందని, 84 ఏళ్ళ మాట కూడా రాశాడు. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. ఆషేరు అంటే ఉత్తరపు గోత్రాల్లో ఒకటి. అష్షూరు చెరతో చెల్లాచెదురైన గోత్రాలవి. యెరూషలేములో అది గొప్పగా చెప్పుకునే పేరేమీ కాదు. అయినా పరిశుద్ధాత్మ దాన్ని దాచలేదు. ఒక ముసలి విధవరాలి గోత్రాన్ని లోకం అంతమయ్యేదాకా చదివే గ్రంథంలో రాయించాడు. ప్రకటన గ్రంథం 7వ అధ్యాయంలో సింహాసనం ముందు నిలబడ్డ గొప్ప సమూహం కూడా పేర్లు పోగొట్టుకున్న గుంపు కాదు. ప్రతి వంశం నుంచి, ప్రతి భాష నుంచి వచ్చినవారు అని యోహాను వారిని గుర్తుపట్టాడు.

ఆ తల్లి దగ్గర క్షమాపణ అడిగాం. చుక్క మార్చాం. కోయ అని రాశాం. కిందనే మీకు వచ్చిన భాషలు అన్న చోట కోయ, తెలుగు అని రెండూ పెట్టాం.

అదే వరుసలో ఇంకో ప్రశ్న ఉంది. సాయుధ దళాల్లో, తిరుగుబాటు గుంపుల్లో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా అని. మామూలు ఊళ్ళో నవ్వి దాటేసే ప్రశ్న. మన అడవి అంచున అట్లా కాదు. రెండు వైపుల తుపాకుల మధ్య బతికిన ఊళ్ళు మనవి. ఆమె "లేదు" అంది. ఒక్కటే మాట, అదే నిజం. కానీ ఆ మాట తర్వాత లేచి వెళ్ళి చెంబుతో నీళ్ళు తాగి వచ్చి కూర్చుంది. మేమేమీ అడగలేదు. కొన్ని జవాబులు ఒక్క మాటలోనే ఉంటాయి, ఆ మాట వెనక ఉన్నది దేవునికి తెలుసు.

మూడో రోజు ఫొటో. తెల్లని నేపథ్యం, కళ్ళజోడు ఉండకూడదు, రెండు అంగుళాల చదరం. ఆమె ముందుగానే స్టూడియోలో తీయించుకుని వచ్చింది. ఆ కుర్రాడు ప్రేమగా ముఖం తెల్లగా చేసి, నుదుటి ముడతలు చెరిపేసి ఇచ్చాడు. కంప్యూటర్లో ముఖం మార్చిన ఫొటోలు ఒప్పుకోరు. ఆమె ఆ ఫొటో చూసి "ఇదెవరు?" అంది. మేము నవ్వలేకపోయాం. ఆ కుర్రాడు ముఖానికి చేసిందే మేము ముందురోజు పేరుకు చేశాం. మా గోడ ముందు నిలబెట్టి ఫోనుతో మళ్ళీ తీశాం. ముడతలన్నీ పడ్డాయి. ఆమె ఆమెలాగే ఉంది.

చివర్లో, ఈ ఫారం నింపడానికి మీకు ఎవరైనా సహాయం చేశారా అని అడుగుతుంది. చాలామంది లేదు అని పెట్టేస్తారు. మేము అవును అని పెట్టి మా పేరు, చిరునామా రాశాం. అది రాస్తుంటే వణుకు పుట్టింది. మా పేరు ఆమె మాటల కింద ఉంది. ఆ చుక్క మార్చకపోయి ఉంటే, మా అబద్ధం కింద ఆమె సంతకం ఉండేది. ఎందుకంటే ఎవరు నింపినా, సంతకంగా ఆ చివరి మీట నొక్కాల్సింది అడిగేవాళ్ళే. చెప్పినదంతా నిజమని ఒప్పుకునే మీట అది. ఆమె నొక్కింది.

ఎన్నో ఏళ్ళుగా మేము మందిరంలో ఒక ఉపమానం చెబుతూ వచ్చాం. "అమెరికాకు వీసా కావాలి, మరి పరలోకానికి నీ దగ్గర వీసా ఉందా?" అని. ఇక చెప్పం. వీసా అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. అది అతిథికి ఇచ్చేది. కొన్నాళ్ళుండి వెళ్ళిపోతానని మాట ఇచ్చినవారికి ఇచ్చేది. వీసా ఉన్నా, విమానం దిగాక అక్కడి అధికారి మళ్ళీ అడుగుతాడు, ఎన్నాళ్ళు ఉండాలో అతనే చెబుతాడు. తండ్రి ఇంటికి పోయే బిడ్డకు వీసా ఎందుకు? ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు చెప్పేది అదే, మనం ఇక పరదేశులం కాము, దేవుని ఇంటివారమని. ఆ ఇంటి గుమ్మం దగ్గర మనల్ని మనం పెద్దగా చూపించుకోనక్కర్లేదు, ఎవరినీ చిన్నగా చేసి దాచనక్కర్లేదు.

మన సంఘంలో ఇంకా కొందరు తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి వెళ్ళాలని చూస్తున్నారు. మీ పిల్లలకు ఈ మాట చెప్పండి. ఫారం నింపేముందు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకోండి, అక్షరం తేడా రానివ్వకండి. ప్రతి పేజీ సేవ్ చేయండి, నంబరు కాగితం మీద రాసుకోండి. ఫీజు 185 డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా అది తిరిగి రాదు, ఆలోచించి కట్టండి. ప్రతి ప్రశ్ననూ పెద్దవాళ్ళకు వాళ్ళ భాషలో చదివి వినిపించండి. వాళ్ళ బదులు మీరు జవాబు చెప్పకండి. ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వవచ్చు, కాబట్టి ఎవరో నేర్పిన మాటలు వల్లించమని చెప్పకండి.

ఆ తల్లికి వచ్చే నెల రెండో వారంలో ఇంటర్వ్యూ. వీసా వస్తుందో రాదో మాకు తెలియదు. నిజం చెప్పాం కాబట్టి తప్పకుండా వస్తుందని మేము మీకు మాట ఇవ్వలేం, అట్లాంటి బేరం దేవునితో పెట్టుకోం. వస్తే నవంబరులో మనవణ్ణో మనవరాలినో ఎత్తుకుంటుంది. రాకపోతే ఇక్కడే ఫోనులో ఆ ఏడుపు వింటుంది, మేము ఆమె పక్కన కూర్చుంటాం. రెండింటిలో ఏది జరిగినా, ఆమె ఆమెలాగే హైదరాబాదు వెళ్ళి వస్తుంది. దయచేసి పేరు చెప్పకుండానే ఆమె కోసం ప్రార్థించండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, మమ్మల్ని పేరు పెట్టి ఎరిగినవాడా, సరిహద్దుల దగ్గర మాకు భయం వేస్తుంది. ఆ భయంలో అబద్ధమాడకుండా, ఇంకొకరిని దాచిపెట్టకుండా మమ్మల్ని కాపాడు. దూరదేశంలో ఒంటరిగా కాన్పుకు ఎదురుచూస్తున్న ఆ బిడ్డకు తోడుగా ఉండు. ఆమె తల్లికి ఆ గుమ్మం తెరుచుకుంటే నీకు స్తోత్రం, తెరుచుకోకపోతే నీవే ఆమెకు ఆదరణ. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.